రైలు పట్టాల పక్కన పుట్టిన బుల్లి కారు

బుల్లి కార్ల పెట్టెల మీద 1:43 అని ఒక లెక్క కనిపిస్తుంది. అసలు కారులో నలభైమూడో వంతు అని దాని భావం. సుమారు 4.3 మీటర్ల పొడవుండే అంబాసిడర్‌ను ఆ లెక్కన కుదిస్తే పది సెంటీమీటర్ల బండి అవుతుంది. నలభై కాదు, యాభై కాదు, ఈ నలభైమూడు ఎక్కడిది? కార్ల కంపెనీలను అడిగినా, బొమ్మల దుకాణాల వాళ్లను అడిగినా జవాబు దొరకదు. అది రైలు పట్టాల దగ్గర ఉంది. 1891లో జర్మనీకి చెందిన మెర్క్లిన్ కంపెనీ లైప్‌జిగ్ సంతలో బొమ్మ రైళ్లకు పట్టాల వెడల్పులను అంకెలు వేసి ఖాయం చేసింది. తర్వాత బాగా చలామణీలోకి వచ్చిన జీరో గేజికి పట్టాల మధ్య 32 మి.మీ. దూరం. దాని మీద నడిచే రైళ్లకు బ్రిటిష్ వాళ్లు అడుగుకు 7 మి.మీ. చొప్పున కొలత పెట్టుకున్నారు. అడుగంటే 304.8 మి.మీ. దాన్ని ఏడుతో భాగిస్తే నలభైమూడున్నర. మన అంకె అదే. 1920 నుంచి బొమ్మ రైళ్లు చేస్తున్న లివర్‌పూల్ వాసి ఫ్రాంక్ హార్న్‌బీ, స్టేషన్లు ఖాళీగా కనిపించకుండా 1931లో పోర్టర్లు, గార్డుల బొమ్మలను అమ్మకానికి పెట్టాడు. 1933 చివర అదే వరుసలో స్టేషన్ బయట నిలబెట్టడానికి కారు, ట్రక్కు, వ్యాను, ట్రాక్టరు, టాంకు కలిపి ఆరు వాహనాల సెట్టు వచ్చింది. 1934లో వాటికి డింకీ అని పేరు పెట్టారు. అంటే డింకీ కారు మొదట బజారులోకి వచ్చింది రైలుకు తోడుగానే. తొలి డింకీలు ఆ కొలతకు అటూ ఇటూగా ఉండేవి, నిజమే. కాని కొలత స్థిరపడినప్పుడు స్థిరపడింది రైలు వాళ్ల అంకె మీదే. మిగతా అంకెలదీ చాలావరకు ఇదే కథ: అడుగుకు 4 మి.మీ. పెడితే 1:76, మూడున్నర పెడితే 1:87, అంగుళంలో పదహారింట మూడు వంతులు పెడితే 1:64. అన్నీ రైలు నమూనాల కొలతలే.

అంకెలు మాత్రమే అయితే యాదృచ్ఛికం అని తోసెయ్యవచ్చు. విడిభాగాల వ్యాపారం కూడా అక్కడి నుంచే వచ్చింది. ఈ రోజు నమూనా కార్లు కట్టే వారు చక్రాలు ఒక అమ్మకందారు దగ్గర, అంటించే బొమ్మల కాగితాలు, అంటే డీకాల్స్, ఇంకొకరి దగ్గర, రెసిన్‌తో పోసిన బాడీ వేరొకరి దగ్గర తెప్పించుకుంటారు. ఈ అలవాటుకు మూలం 1898 ప్రాంతపు ఇంగ్లండ్‌లో ఉంది. ఆ ఏడాది పెర్సివల్ మార్షల్ 'మోడల్ ఇంజినీర్' పత్రిక పెట్టాడు. దాన్ని చదివినవారు లేత్ మీద పని తెలిసినవారు, తెలుసుకోవాలనుకున్నవారు. వాళ్లకు తయారైన బొమ్మ అక్కర్లేదు. ఇంట్లో పోసుకోలేని సిలిండర్, ఫ్లైవీల్ లాంటి పోత ముక్కలు దొరికితే చాలు, మిగతా పని తామే చేసుకుంటారు. స్టువర్ట్ టర్నర్ అనే ఇంజినీరు అలాంటి పోత ముక్కలను డ్రాయింగుతో పాటు అమ్మడం మొదలుపెట్టాడు. నార్తాంప్టన్‌లో బాయిలర్లు చేసే కుటుంబంలో పుట్టిన బాసెట్ లోకె పోస్టులో కేటలాగు పంపి, విడిభాగాలను పార్సెల్ చేసే దుకాణం నడిపాడు. ఆ రోజుల్లో పోస్టు చేసిన పనిని ఇప్పుడు కొరియర్ చేస్తోంది. కొనేవాడు సగం పనివాడే కావడం మాత్రం అప్పటికీ ఇప్పటికీ మారలేదు. 1970ల మొదట్లో బ్రిటన్‌లో జాన్ డే లాంటివారు తెల్లలోహంతో పోసి అమ్మిన 1:43 కార్ల కిట్లు చూస్తే సంగతి తెలుస్తుంది: ముక్కలను ఆకురాయితో రాయాలి, అతకాలి, రంగు వెయ్యాలి. పిల్లవాడి ఆటకు ఏ విధంగానూ పనికిరాని సరుకు అది.

ఇంత చెప్పింది చెన్నైలోని పెరంబూరు కోసం. నమూనా కారు తల్లి రైల్వే కార్ఖానా అయితే, దక్షిణాదిలో ఆ తల్లి ఇల్లు ఇదే. రాయపురం నుంచి తొలి రైలు నడిచిన 1856లోనే మద్రాసు రైల్వే కంపెనీ ఇక్కడ వర్క్‌షాపు పెట్టింది. 1955 అక్టోబర్ 2న నెహ్రూ ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని, అంటే ఐసీఎఫ్‌ను ప్రారంభించారు. పెట్టెల డిజైను స్విట్జర్లాండ్‌లోని ష్లీరెన్ కంపెనీ ఇచ్చింది. 2018లో తొలి వందే భారత్ బయటికి వచ్చిందీ ఇక్కడి నుంచే. ఈ కార్ఖానాల్లో, ఒకప్పుడు పక్కనున్న బిన్నీ మిల్లులో తరాలుగా పనిచేసిన వారిలో తెలుగువారూ ఉన్నారు. కుదింపు లెక్కలు ఇలాంటి కార్ఖానాలకు కొత్త కావు. పోత పోసిన ఇనుము చల్లారితే నూటికి సుమారు ఒక వంతు కుంచించుకుపోతుంది కాబట్టి ప్యాటర్న్ మేకర్ చెక్క అచ్చును ఆ మేరకు పెంచి చేస్తాడు. అందుకు ఆయన దగ్గర వేరే స్కేలే ఉంటుంది. విడిభాగం బజారులో దొరక్కపోతే చేసుకోవడం కూడా ఇక్కడివారికి తెలుసు. 1855లో లీడ్స్‌లో తయారై, వందేళ్లకు పైగా ప్రదర్శన వస్తువుగా నిలబడిపోయిన ఈఐఆర్ 21 ఇంజిన్‌ను పెరంబూరు లోకో వర్క్స్ మళ్లీ నడిచేట్టు చేసింది. 2010 ఆగస్టు 15న అది చెన్నై సెంట్రల్ నుంచి ఆవడి వైపు పరుగెత్తింది. దాని తోబుట్టువు ఫెయిరీ క్వీన్ కూడా మరమ్మతుకు ఇక్కడికే వచ్చింది. నూట యాభై ఏళ్ల నాటి ఇంజిన్లను నడిపించిన ఊళ్లో బుల్లి కారుకు చక్రం తియ్యగల చేతులు లేవనడం నమ్మదగ్గ మాట కాదు.

"బొమ్మ బండి మనకు ఇంగ్లండ్ నేర్పాలా?" అని ఒక అభ్యంతరం వస్తుంది. రావలసిందే. హరప్పా తవ్వకాల్లో మట్టి బండ్లు దొరికాయి. శూద్రకుడి మృచ్ఛకటికానికి పేరే మట్టి బండి వల్ల వచ్చింది. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో ఎడ్లబండి చేసే చెయ్యి ఇంకా ఆగలేదు. పనితనంలో ఇవి దేనికీ తీసిపోవు. కాని వాటి ఉద్దేశం వేరు. కొండపల్లి బండిలో ఎద్దు కొమ్ములు కొంచెం పెద్దవైతే అందం పెరుగుతుంది, ఎవరూ తప్పు పట్టరు. మన శిల్పశాస్త్రంలోనూ కొలత ఉంది, నవతాళం అంటూ ముఖం పొడవుతో దేహాన్ని లెక్కగట్టే పద్ధతి. అది విగ్రహం లోపలి అంగాల మధ్య నిష్పత్తి. బయట ఫలానా మనిషి ఉన్నాడని, ఆయనలో ఇన్నో వంతు ఇదని చెప్పదు. నమూనా కారు చెప్పేది సరిగ్గా అదే. ఫలానా సంవత్సరపు ఫలానా బండి, దాని చక్రం ఇంత, ఇది అందులో ఇన్నో వంతు. రుజువు అడిగితే స్కేలు పెట్టి చూపాలి. ఆ పట్టుదల డ్రాయింగు బల్ల దగ్గర పుట్టింది. కొండపల్లి కళాకారుడికి అది అవసరం పడలేదు, అందువల్ల ఆయన గౌరవానికి వచ్చిన లోటూ లేదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. ప్రపంచమంతా అమ్ముడైన బుల్లి కార్లలో చాలావాటికి రైలు కొలతతో నిమిత్తం లేదు. 1953లో లండన్‌లో మొదలైన మ్యాచ్‌బాక్స్ కార్ల సైజును అగ్గిపెట్టె నిర్ణయించింది. కంపెనీ భాగస్వామి జాక్ ఓడెల్ కూతురి బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలనే రానిచ్చేవారని కథ. 1968లో వచ్చిన హాట్ వీల్స్ మీద 1:64 అని చెప్పుకున్నా, లారీ, కారు ఒకే పొడవులో ఉంటాయి. అట్టకు పట్టాలి కదా. జపాన్‌లో తమియా కంపెనీ 1960ల మొదట్లో తెచ్చిన టాంకు కిట్టుకు 1:35 అనే అంకె రావడానికి కారణం లోపల మోటారు, బ్యాటరీలు పట్టే చోటు కావడమేనని షున్‌సాకు తమియాయే చెప్పుకున్నాడు. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. అయితే ఒకటి గమనించాలి. అగ్గిపెట్టె కొలతకు చేసిన కార్లకు కిట్టూ విడిభాగాల బజారూ మొదట్లో ఏర్పడలేదు. ఒక బండి చక్రం మరోదానికి సరిపడకపోతే ఆ బజారు నిలవదు. అది నిలిచింది ఒకే కొలతను అందరూ పాటించిన చోట్లనే. 1:24 అంటే అడుగుకు అర అంగుళం, ఇంజినీరు స్కేలే. అమెరికాలో ఏఎంటీ కంపెనీ షోరూములకు చేసిన 1:25 నమూనాలతో మొదలై, 1958లో ఒకే పెట్టెలో మూడు రకాలుగా కట్టుకునే కిట్టు తెచ్చింది. మిగిలిన ముక్కలు కుర్రాళ్ల మధ్య చేతులు మారాయి. తమియా 1:35 అంకె బ్యాటరీ వల్ల వచ్చినా, మిగతా కంపెనీలు దాన్ని అనుసరించిన తర్వాతే దానికి బజారు ఏర్పడింది. అంకె పుట్టుక ఎలాంటిదైనా కట్టుబాటు కార్ఖానాదే.

మరి పెరంబూరులో ఈ బజారు ఎందుకు రాలేదు? పనితనం లేక కాదు, సరుకు రానివ్వక. మద్రాసు బండ్లు బుల్లి రూపంలో లేకపోలేదు. ఎన్నూరులో అశోక్ మోటార్స్ బిగించిన ఆస్టిన్ ఏ40ని డింకీ అప్పట్లోనే చేసింది. 1960ల చివర డింకీ పాత అచ్చులు కొన్ని కలకత్తా చేరి నిక్కీ అనే పేరుతో బొమ్మలయ్యాయి. వాటిలో ఒక మినీ బస్సు మీద మన మద్రాసు స్టాండర్డ్ కంపెనీ వ్యాను పేరు, స్టాండర్డ్ 20, వేశారు. లివర్‌పూల్ అచ్చు, కలకత్తా పోత, మద్రాసు పేరు. కాని అది తయారైన బొమ్మ. విడిగా ముక్కలు అమ్మే వ్యాపారం కాదు. వినియోగ వస్తువుల దిగుమతి మీద పరిమాణ ఆంక్షలు పూర్తిగా తొలగింది 2001 ఏప్రిల్ 1న. అప్పటిదాకా ఇలాంటి సరుకు బర్మా బజారులోనో, 1985లో కాలిపోయిన మూర్ మార్కెట్‌లోనో అదృష్టం కొద్దీ దొరకాలి. అదే చెన్నైలో అసలు కార్ల పాత విడిభాగాలకు పుదుప్పేట ఉంది. మోటార్లకు, వైర్లకు రిచీ స్ట్రీట్ ఉంది. అంటే ముక్కల వ్యాపారం ఈ ఊరికి కొత్త విద్య కాదు.

ఆంక్షలు పోయాక సుంకం వచ్చింది. కస్టమ్స్ పట్టికలో 9503 అనే శీర్షిక కింద బొమ్మలు, పిల్లల మూడు చక్రాల బండ్లు, పజిళ్లతో పాటు కుదించిన నమూనాలనూ చేర్చారు. ఈ శీర్షిక మీద సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. దేశీయ బొమ్మల తయారీదారును కాపాడటం తప్పని అనడం లేదు. చౌక ప్లాస్టిక్ బొమ్మల వరద నుంచి కొండపల్లి, ఏటికొప్పాక లాంటి చోట్లకు రక్షణ కావాలి. కాని 1:24 కిట్టుతో పోటీపడే దేశీయ సరుకు దాదాపు లేనప్పుడు ఆ సుంకం ఎవరిని కాపాడుతోంది? ఫలితంగా ఈ అభిరుచి డబ్బున్నవారిదిగా కనిపిస్తుంది, ఆపై "డబ్బున్నవారి సరదాకు సుంకం వెయ్యకపోతే ఎలా" అన్న వాదన పుడుతుంది. సుంకమే తెచ్చిపెట్టిన స్థితిని సుంకానికి సమర్థనగా చూపడం సరికాదు.

సుంకం రేపు పోయినా మన బండ్లకు విదేశీ ముక్కలు సరిపోవు. ఇది చాలామంది పట్టించుకోని విషయం. మన బ్రాడ్ గేజి 1,676 మి.మీ. దాన్ని 1:87కి కుదిస్తే 19.3 మి.మీ. వస్తుంది, బజారులో దొరికే ఆ కొలత పట్టాల వెడల్పు 16.5. ఐసీఎఫ్ పెట్టె 21.3 మీటర్ల పొడవు, అదే లెక్కన ఇరవైనాలుగున్నర సెంటీమీటర్లు. దాని కింద యూరప్ చక్రాలు పెడితే పెద్ద మనిషి పిల్లల చెప్పులు వేసుకున్నట్టుంటుంది. కార్లదీ అదే ఇబ్బంది. అంబాసిడర్ వీల్ క్యాప్, స్టాండర్డ్ హెరాల్డ్ ముందు గ్రిల్, మన నంబర్ ప్లేటు జపాన్ నుంచి ఎవరు పంపుతారు? ఢిల్లీ సెంటీ కంపెనీ చేసే చవక అంబాసిడర్లు పిల్లల ఆటకు బాగుంటాయి, కొలతకు నిలవవు. ఇప్పుడు త్రీడీ ప్రింటర్ ఉంది, అమ్మకందారుతో పనేముంది అంటారు కొందరు. ప్రింటర్‌కు ముందు సరైన డ్రాయింగు కావాలి. పారదర్శకమైన హెడ్‌లైట్, రబ్బరు టైరు, సన్నటి డీకాల్ దాని నుంచి బాగా రావు. ఒక్కడు తన కోసం చేసుకుంటే అయ్యే ఖర్చు, వందమందికి చేసి అమ్మితే అయ్యే ఖర్చు ఒకటి కావు. ప్రింటర్ వచ్చాక చిన్న అమ్మకందారు అవసరం తగ్గలేదు, ఆయన పెట్టుబడి తగ్గింది. ఇంతకాలం మన దగ్గర ఉక్కు అచ్చు పెట్టగల కంపెనీకే సాధ్యమైన పని ఇప్పుడు రెండు గదుల వర్క్‌షాపులో సాధ్యం.

అందుకే ఆశ కొలతల పటాల మీద పెట్టుకోవాలి. ఐసీఎఫ్ తన పాత డిజైను పెట్టెల తయారీని 2018 జనవరిలో ఆపేసింది. అరవై ఏళ్లకు పైగా దేశమంతా ఎక్కి తిరిగిన ఆ పెట్టె కొలతల్లో ఇక దాచుకోవలసిన వ్యాపార రహస్యం ఏముంటుంది? ఫ్యాక్టరీ ఆవరణలోని రైల్వే మ్యూజియంలో పాత ఇంజిన్లతో పాటు చిన్న నమూనాలూ ఉన్నాయి. ఆ పెట్టె డ్రాయింగులను నమూనాలు కట్టేవారికి పనికొచ్చేలా ముద్రించి, అందరికీ అందే ధరకు అక్కడే అమ్మాలి. పెట్టెతో మొదలైతే కారు దాని వెనకే వస్తుంది, 1933లో వచ్చినట్టే. కస్టమ్స్ పట్టికలో కుదించిన నమూనాలకు బొమ్మలతో సంబంధం లేని వేరే వరుస కేటాయించాలని ఈ అభిరుచి ఉన్నవారు ఆర్థిక శాఖకు రాయాలి. ఏటా బడ్జెట్‌కు ముందు ఆ శాఖ సూచనలు కోరుతూనే ఉంటుంది.