నాలుగు వందల గజముల నడుమ

1986వ సంవత్సరము అక్టోబరు నెలలో, అమెరికా దేశమునందలి బర్క్‌లీ పట్టణమున, లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, దానికి నాలుగు వందల గజముల దూరముననే యున్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకును నడుమ, సెకనుకు 32,000 బిట్ల వేగమున సాగుచుండిన సమాచార ప్రవాహము హఠాత్తుగా సెకనుకు 40 బిట్లకు దిగజారెను. తీగ తెగలేదు, యంత్రము చెడలేదు. నలుబది బిట్లనగా ఐదు ఆంగ్లాక్షరములు మాత్రమే. వ్రాతప్రతిని చేతబట్టుకొని ఎవరైన నడచిపోయినను అంతకంటె ముందుగా చేరగలిగియుందురు. ఇంట డెస్క్‌టాపు ముందు కూర్చుండి, డౌన్‌లోడు ఏల కదలకున్నదని విసుగు చెందు మనకు ఈ వృత్తాంతము తెలిసియుండుట మేలు; ఏలయన మన బాధకు నిదానము, దాని చికిత్సయు చాలవరకు అక్కడనే పుట్టినవి.

వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను నిరువురు 1974లో ప్రకటించిన పద్ధతిని అనుసరించి, 1983 జనవరి 1న ఇంటర్నెట్టునకు పూర్వరూపమైన ఆర్పానెట్టు అను కంప్యూటర్ల వల యావత్తును, టీసీపీ అను ఆ పద్ధతికి మరలెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే, అమెరికా సైన్యపు ప్రయోగశాలలో పనిచేయుచుండిన మైక్ మూస్, సముద్రగర్భమున ధ్వనిని పంపి ప్రతిధ్వనికై చెవియొగ్గు సోనారు విధానము మనసున నుంచుకొని, అవతలి కంప్యూటరునకు చిన్న ప్యాకెట్టును, అనగా సమాచారపు పొట్లమును, పంపి అది తిరిగివచ్చు కాలమును కొలుచు ‘పింగ్’ అను ఉపకరణమును రచించెను. నేటికిని ఇంచుమించు ప్రతి డెస్క్‌టాపునందును అది కలదు. మరుసటి యేడు జాన్ నేగల్ అను ఇంజనీరు, ఈ వలలు మితిమీరిన రద్దీచేత ఒక్కసారిగా కుప్పకూలు ప్రమాదము కలదని వ్రాతపూర్వకముగా హెచ్చరించెను. రెండేండ్లకు బర్క్‌లీలో జరిగినది సరిగా అదియే.

టీసీపీ పద్ధతిలో పంపిన ప్రతి ప్యాకెట్టునకు అవతలినుండి ‘అందినది’ అను రసీదు రావలెను. గడువులోపల అది రాకున్నచో పోయినదని తలచి పంపినవాడు మరల పంపును. దారిలో ఇరుకైన తావున ప్యాకెట్ల వరుస పెరిగి రసీదు ఆలస్యమైనప్పుడు, పోని ప్యాకెట్టునే పోయినదని భ్రమించి ప్రతి కంప్యూటరును మరల మరల పంపుటచేత వరుస ఇంకను పెరుగును. పెరిగినకొలది ఇంకను పంపుదురు. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలయందలి వాన్ జాకబ్‌సన్, బర్క్‌లీ యూనిక్సు అను ఆపరేటింగ్ సిస్టము నిర్మాతలలో నొకడైన మైక్ కారెల్స్ ఇరువురును కలిసి దీని గుట్టు విప్పిరి. 1988లో జాకబ్‌సన్ ప్రకటించిన వ్యాసమునందలి యొక పటము నన్ను మిక్కిలి ఆకర్షించినది. సన్ కంపెనీవారి రెండు కంప్యూటర్ల నడుమ ఒక సంభాషణ ఎట్లారంభమయ్యెనో చూపుటకు అందు ఒక్కొక్క ప్యాకెట్టునకు ఒక్కొక్క చుక్కను పెట్టినారు. లభ్యమైన సామర్థ్యములో నూటికి 35 పాళ్లు మాత్రమే వినియోగమాయెను. తక్కినదంతయు పంపినదానినే పంపుటయందు వ్యర్థమాయెను. 54వ కిలోబైటు మొదలు 58వ కిలోబైటు వరకుగల భాగము ఐదు పర్యాయములు పంపబడెను. ఆ చుక్కల గుంపులను చూచినవానికి, మందగమనమునకు కారణము తీగయందు గాక పంపువాని తొందరయందే కలదని వేరుగా బోధింపనక్కరలేదు.

వారు కనుగొనిన చికిత్స నిగ్రహము. మొదట ఒక్క ప్యాకెట్టును పంపి, రసీదు వచ్చినకొలది రెండు, నాలుగు, ఎనిమిదిగా పెంచుకొనవలెను. ఒకటి పోయినచో దారి నిండినదని గ్రహించి వెంటనే సగమునకు తగ్గి, పిదప మెల్లమెల్లగా హెచ్చవలెను. కాలువ చివరి భూముల రైతునకు ఈ న్యాయము పుట్టుకతో తెలియును: ఎగువవారందరును ఒక్కసారి తూములెత్తినచో దిగువ పొలమెండును, వంతులు పాటించినచో ఉన్న నీటితోనే అందరి పైరును తడియును. ఈ మార్పు బర్క్‌లీ యూనిక్సులో చేరి వ్యాపించెను. ఒకరిని చూచి యొకరు, పరుల మేలుకొరకు తమ వేగమును తగ్గించుకొనుటకు అంగీకరించుట వలననే ఇంటర్నెట్టు నిలిచినది. ఇరువదవ శతాబ్దపు మహత్కార్యములలో దీనిని చేర్చవలెనని నా నిశ్చితాభిప్రాయము.

వేగమునకు మరియొక హద్దును ఉండెను: రసీదుకై ఆగకుండ ఒక్క విడత పంపదగిన మొత్తము పూర్వము 65,535 బైట్లకు మించరాదు. హైదరాబాదునుండి కాలిఫోర్నియాకు పోయివచ్చుటకు పావు సెకను పట్టినదనుకొన్నచో, తీగ ఎంత వెడల్పైనదైనను సెకనుకు రెండు మెగాబిట్లకు కొంచెము మించి అందదు. 1992లో ఈ కట్టుబాటును సడలించిరి. ఆ సడలింపు డెస్క్‌టాపులలో దానంతటదే పనిచేయుటకు మరి యెన్నియో యేండ్లు పట్టెను.

అటుపిమ్మట కొత్త వ్యాధి యొకటి బయలుదేరెను. మెమరీ చౌకయగుటచే మోడెములందును రూటర్లందును నిర్మాతలు పెనువరుసలకు చోటు కల్పించిరి. ప్యాకెట్టు పోకుండుట మేలుగదాయని వారి తలంపు. కాని పోవుటయే తగ్గుమను సంకేతమగుటచేత, ఆ సంకేతమందక పంపువారు తగ్గరైరి. 2010లో జిమ్ గెట్టీస్ తన యింటి నెట్టులోనే ఈ జాడ్యమును పసిగట్టి, ‘బఫర్‌బ్లోట్’ అని పేరుపెట్టి లోకమునకు చాటెను. 2012లో క్యాథ్లీన్ నికల్స్‌తో కూడి అదే జాకబ్‌సన్, వరుస పొడవును గాక అందు ప్యాకెట్టు నిలిచిన కాలమును కొలిచి, 5 మిల్లీసెకన్లను మించిన నిరీక్షణ 100 మిల్లీసెకన్లపాటు తగ్గకున్నచో ప్యాకెట్లను విడిచివేయు ఉపాయమును ప్రకటించెను.

కావున పాఠకులకు నా మనవి: వంద మెగాబిట్ల కనెక్షనులో డౌన్‌లోడు సెకనుకు పండ్రెండున్నర మెగాబైట్లకు మించదు, అది లోపము కాదు. అంతకంటె మిక్కిలి తగ్గినచో, ముందు వైఫైని విడిచి కేబులుతో రూటరునకు తగిలించి చూడుడు. పిదప పెద్ద ఫైలు దిగుచుండగా ఒకసారియు, ఏమియు దిగనప్పుడు ఒకసారియు పింగ్ చేసి చూడుడు. ఖాళీగా నున్నప్పుడు ఇరువది మిల్లీసెకన్లున్నది డౌన్‌లోడు వేళ వందలకు ఎగబ్రాకినచో, దోషము వరుసలో నున్నది; రూటరులో వరుసను అదుపుచేయు అమరిక యున్నదేమో వెదకి దానిని పెట్టుకొనుడు, అంతకు పూర్వము హెచ్చు ధర ప్లానునకు మారకుడు.