తెగులు కాని వైరసు

క్రీ.శ. 752లో జపాను నేలిన కోకెన్ చక్రవర్తిని, వేసవిలోనే శరత్కాలమునందువలె పసుపుబారిన యొక మొక్కను చూచి చిన్న కవిత చెప్పెను. 'మన్యోషు' అను ప్రాచీన సంకలనమునందు నిలిచిన ఆ కవితను 2003లో శాస్త్రజ్ఞులు పరిశీలించి, అందలి మొక్క యుపటోరియమనియు, దాని పసుపునకు కారణము ఋతువు కాదు, వైరసనియు నిర్ణయించి, మొక్కల వైరసు రోగమునకు లభించిన తొలి లిఖితసాక్ష్యము ఇదియే యని ప్రకటించిరి. మన మినుము, పెసర చేలను పాడుచేయు పల్లాకు తెగులు వైరసు దానికి దాయాదియే. రెంటికిని వాహనము తెల్లదోమయే. రాణిగారికి కవితావస్తువైనది మన రైతునకు గుండెకోత!

శాస్త్రము మాత్రము రైతుపక్షముననే పుట్టినది. బాక్టీరియాను ఆపు వడపోతను దాటియు పొగాకుమొక్క రసము రోగమును అంటించుచున్నదని 1892లో ఇవనోవ్‌స్కీ చూపెను; 1898లో బైజెరింక్ దానిని సజీవమైన అంటుద్రవమనెను; 1935లో స్టాన్లీ దానిని స్ఫటికములుగా వేరుచేసెను. ఇట్లు పొగాకు చేలలో జన్మించిన విద్య గనుక, వైరసనగా తెగులనియు, తెగులనగా నష్టమనియు భావించుట దానికి సహజమైపోయినది. ఆరోగ్యముగానున్న మొక్కలో వైరసును వెదకువాడెవడు? ఆ వెదకులాట ఇటీవలిది. మెరిలిన్ రూసింక్ మొదలగువారు కోస్టారికా అడవులలోను, ఓక్లహామా గడ్డిమైదానములలోను, రోగలక్షణములతో నిమిత్తము లేక మొక్కలను సేకరించి పరీక్షింపగా, పచ్చగా కళకళలాడు వానిలోనే వైరసులు సమృద్ధిగా బయల్పడినవి.

వీటన్నింటిలో విచిత్రమైన కథ అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయవనమునకు చెందినది. అచ్చట భూగర్భతాపముచే నేల కాగు చోటులందు డైకాంథీలియమను గడ్డి పెరుగుచుండును. దాని దేహమున కర్వ్యులేరియా అను శిలీంధ్రము నివసించును. ఈ రెండును కలిసియున్నంతకాలము నేల 65 డిగ్రీల సెల్సియస్‌కు కాగినను తాళుకొనునవియై, విడివిడిగానైనచో దాదాపు 40 డిగ్రీలకు మించి నిలువజాలకుండుట మొదట అందరికిని స్నేహమహిమగనే తోచినది. కాని 2007లో రూసింక్ బృందము ఆ శిలీంధ్రములో ఒక వైరసును కనుగొనెను. వైరసును తొలగింపగా తాపసహనము పోయినది, మరల ప్రవేశపెట్టగా తిరిగివచ్చినది. ఈ వైరసు శిలీంధ్రమునదే కాని మొక్కది కాదని శుద్ధవాదులు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమే, కాని దానివలన బ్రతుకుచున్నది మొక్కయు గదా! అదియుగాక, మొక్కల వైరసులే సోకిన వరి, పొగాకు మున్నగునవి, సోకని వానికన్న నీటియెద్దడిని ఎక్కువకాలము ఓర్చుకొనినట్లు 2008లో ప్రయోగపూర్వకముగా తేలినది.

అట్లని వైరసును మహోపకారిగా కీర్తించుట మరియొక అతి. కాలిఫోర్నియా గడ్డిమైదానములందు మధ్యధరా ప్రాంతమునుండి వచ్చిన ఏకవార్షిక తృణములు, ముఖ్యముగా అడవి ఓట్లు, స్థానికములైన బహువార్షిక తృణములను త్రోసివేసినవి. బార్లీని పొట్టిగా పసుపుబార్చు వైరసు అందు ఆక్రమణదారులకు తోడ్పడినదని కరొలిన్ మాల్మ్‌స్ట్రోమ్ మొదలగువారి పరిశోధనలు సూచించుచున్నవి. అడవి ఓట్లపై పేనుబంక పురుగులు విస్తారముగా పెరిగి, వైరసును మోసికొనిపోయి స్థానిక తృణములకు అంటించును. ఏడాదికొకమారు గింజవేసి చచ్చు గడ్డికి ఆ బాధ ఒక్క ఋతువుదే కాగా, ఏళ్లతరబడి బ్రతుకవలసిన గడ్డి దానిని ప్రతి వత్సరము మోయవలసివచ్చును. ఆ పరిశోధకులు వృక్షసంగ్రహాలయములందు ఎండిన గడ్డిమొక్కలను సయితము శోధించి, 1951లో శాస్త్రజ్ఞులు తొలుత వర్ణించిన ఆ వైరసు, 1917లో సేకరింపబడిన నమూనాలోనే యున్నట్లు నిరూపించిరి.