గోడెక్కే ముఖాలు

లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ పోటీలో 2012 మొదటి బహుమతి అలియా చాపిన్ గీసిన 'ఆంటీ'ది. ఆ ప్రదర్శనలో నేను ఎక్కువసేపు నిలబడింది దాని ముందే. వయసు మళ్ళిన స్త్రీ, ఒంటి మీద నూలుపోగు లేదు. ముడతలు, మచ్చలు, వాటిని దాచాలన్న ధ్యాసే లేని నవ్వు. (మన పత్రికల్లో ఇలాంటి దేహం జబ్బుల పేజీలో తప్ప కనబడదు.) చిత్రకారిణిని పుట్టినప్పటినుంచీ ఎరిగిన మనిషట. ఆ నమ్మకం ఆమె నిలబడిన తీరులోనే ఉంది.

ఈ గ్యాలరీ 1856లో పుట్టింది 'ఘనుల' కోసం. 1969 దాకా రాజదంపతులు తప్ప బతికున్నవాళ్ళకి అందులో చోటే లేదు. చరిత్రంటే మహాపురుషుల జీవితాలేనన్న థామస్ కార్లైల్ దాని తొలి ధర్మకర్తల్లో ఒకడు. 1914 జూలైలో ఓటుహక్కు ఉద్యమకారిణి మార్గరెట్ గిబ్ అక్కడున్న ఆయన చిత్రాన్నే కత్తితో నరికింది. గుర్తుపట్టి గుమ్మంలోనే ఆపమని అలాంటి స్త్రీల ఫోటోలను పోలీసులు గ్యాలరీలకు పంచారు. ఎవెలిన్ మానెస్టా జైల్లో కెమెరాకి ముఖం ఇవ్వనంది. మెడ చుట్టూ చెయ్యేసి పట్టుకుని తీశారు. పంచిన ప్రతిలో ఆ చెయ్యి లేదు, దాని చోట మెడకి కండువా గీశారు. పోలీసు కాగితాలకి అతికించిన ఆ ఫోటోలు ఇప్పుడు అదే గ్యాలరీ సేకరణలో ఉన్నాయి.