విద్యుత్ కారులో సహాయక బ్యాటరీ: నిలిపి ఉంచినప్పటి ఛార్జింగ్

విద్యుత్ కారులో రెండు రకాల బ్యాటరీలుంటాయి. చక్రాలను తిప్పే ప్రధాన బ్యాటరీ చాలా కార్లలో 400 వోల్టుల తరగతికి, కొన్నిటిలో 800 వోల్టుల తరగతికి చెందుతుంది. తలుపుల తాళాలు, లైట్లు, కంప్యూటర్లు వగైరాలకు కరెంటిచ్చేది సహాయక బ్యాటరీ. ఎక్కువ కార్లలో ఇది 12 వోల్టులది. పెట్రోలు కారులో ఆల్టర్నేటర్ చేసే పనిని ఇక్కడ డీసీ-డీసీ కన్వర్టర్ చేస్తుంది: ప్రధాన బ్యాటరీ వోల్టేజీని దాదాపు 14కు తగ్గించి చిన్న బ్యాటరీని నింపుతుంది. కారు ఆపి తాళం వేశాక కాంటాక్టర్లనే పెద్ద స్విచ్‌లు ప్రధాన బ్యాటరీకి మిగతా కారుతో సంబంధం తెంపేస్తాయి. వాటిని తిరిగి కలపడానికి చిన్న బ్యాటరీ కరెంటే కావాలి. అందుకే అది పూర్తిగా దిగిపోతే, ప్రధాన బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు.

ఈ చిక్కు విద్యుత్తు కొరత వల్ల వచ్చింది కాదు. 45 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీలో పట్టేది 540 వాట్-అవర్లు. 40 కిలోవాట్-అవర్ల ప్రధాన బ్యాటరీలో అది ఒకటిన్నర శాతం కూడా కాదు. నిలిపిన కారు 30 మిల్లీఆంపియర్లే లాగితే లెక్క ప్రకారం చిన్న బ్యాటరీ రెండు నెలలు రావాలి. అయితే ఫోన్ యాప్ తరచూ కారును పలకరిస్తే, బ్యాటరీ పాతదైతే ఆ గడువు బాగా తగ్గిపోతుంది. కాబట్టి అసలు ప్రశ్న ఆ కరెంటును ఎప్పుడు, ఎంతసేపు పంపాలన్నదే. చాలా కార్లలో కంట్రోలర్ నిర్ణీత వ్యవధిలోనో, వోల్టేజీ పడిపోయినప్పుడో కాంటాక్టర్లను కలిపి, కన్వర్టర్‌ను కాసేపు నడిపి, మళ్లీ విడదీస్తుంది. హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్‌లో ఈ విడత గరిష్ఠంగా 20 నిమిషాలు. వరుసగా పదిసార్లకు మించి అవసరమైతే చిన్న బ్యాటరీలోనే లోపముందని భావించి కారు ఆ పని మానేస్తుంది. కన్వర్టరే పాడైతే ఈ ఏర్పాటు అక్కరకు రాదు. కన్వర్టర్ కూడా భాగమైన ఛార్జింగ్ నియంత్రణ యూనిట్‌లో లోపం వల్ల 12 వోల్టుల బ్యాటరీ దిగిపోవచ్చన్న కారణంతోనే 2024లో హ్యుందాయ్ భారత్‌లో 1,744 ఐయానిక్ 5 కార్లను వెనక్కి పిలిచింది.

కాంటాక్టర్లను ఎప్పుడూ కలిపే ఉంచవచ్చు కదా అన్న వాదన ఉంది. అలా చేస్తే కాంటాక్టర్ల కాయిళ్లు, కన్వర్టర్ రాత్రింబవళ్లు కరెంటు తింటాయి. అధిక వోల్టేజీ తీగలు నిలిపిన కారులోనూ ప్రాణంతో ఉండి మెకానిక్‌కూ, ప్రమాద స్థలంలో సహాయక సిబ్బందికీ ముప్పవుతాయి. చిన్న బ్యాటరీనే తీసేయమనే వాదనా నిలవదు. ప్రమాదంలో అధిక వోల్టేజీ తెగిపోయాక హెచ్చరిక లైట్లకూ తాళాలకూ వేరే ఆధారం ఉండాలి. టెస్లా 2021లో మోడల్ ఎస్‌లో లెడ్-యాసిడ్ బదులు లిథియం బ్యాటరీ పెట్టింది, 2023లో సైబర్‌ట్రక్‌తో 48 వోల్టులకు మారింది; చిన్న బ్యాటరీని మాత్రం వదులుకోలేదు.

కనుక విడతలవారీ ఛార్జింగే సమంజసమైన పరిష్కారం. ఛార్జర్‌కు తగిలించి ఉంచితే చిన్న బ్యాటరీకి ఢోకా లేదనుకోవడం మాత్రం అన్ని కార్లకూ వర్తించదు. ప్రధాన బ్యాటరీ నిండాక ఏం జరుగుతుందన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. వారాల తరబడి కారును వదిలి వెళ్లేవారు ముందుగా యజమాని కరదీపికలో ఆ భాగం చదవాలి.