సముద్రంలో దిగే ఆడవాళ్ళు బట్టలు ఎక్కడ మార్చుకున్నారు?

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడింది ఇక్కడ రాసి పెడుతున్న. డ్యూటీలో ఉండి విననోళ్ళు బస్సులో పోతూ చదువుకోవచ్చు.

బహ్రెయిన్ మొహరక్‌లో పాత ముత్యాల వ్యాపారుల ఇండ్లు, సముద్రపు ఒడ్డు కలిపి ఒక దారి ఉంది. 2012లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. ఒక శుక్రవారం మా రూమోళ్ళం నలుగురం పోయినం. ముత్యాల కోసం మునిగేవాళ్ళు ముక్కుకు పెట్టుకునే క్లిప్పు, దాన్ని ఫితామ్ అంటారు, వేళ్ళు కోసుకుపోకుండా తొడుక్కునే తోలు తొడుగులు, వాటి సంగతి మాట్లాడుకుంటుంటే మా తమ్ముడు ఒకడు అడిగిండు: "అన్నా, ఆడోళ్ళు దిగలేదా?"

ఇక్కడ దిగింది మగవాళ్ళే. కానీ కొరియాలో, జపాన్‌లో ఆ పని ఆడవాళ్ళది. గల్ఫ్ ముత్యాల వ్యాపారం 1930లలో పడిపోవడానికి జపాన్ పెంపకం ముత్యాలు ఒక పెద్ద కారణం. 1893లో మికిమోటో అనే ఆయన ఆల్చిప్పలో ముత్యం పెంచి చూపించిండు. ఆయన తోటలకు ఆల్చిప్పలు తీసింది 'అమా' అనే ఆడ మునకగాళ్ళే. వాళ్ళ సంగతి చదువుతూ పోతే కొరియా దక్షిణాన ఉన్న జేజు దీవి దగ్గర ఆగిన. అక్కడి ఆడవాళ్ళను హేన్యో అంటారు. సిలిండర్ లేదు, గాలి పైపు లేదు. ఊపిరి బిగబట్టి పది మీటర్ల దాకా, గట్టివాళ్ళు ఇంకా లోతుకు దిగి, అబలోన్ అనే పెద్ద నత్తలు, శంఖాలు, నాచు తెస్తారు. పైకి తేలగానే వదిలే ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తది.

నాకు పట్టుకున్నది వాళ్ళ ఊపిరి కాదు. వాళ్ళ బట్టలు, జుట్టు, స్నానం. ఇది సోకు ముచ్చట అనుకోకండి, పని ముచ్చట.

పాతకాలంలో వాళ్ళు వేసుకున్నది ముల్సోజుంగి అనే నూలు బట్ట. ఒక పక్క తెరిచి ఉంటది, తాళ్ళతోనో గుండీలతోనో కట్టుకోవాలి. ఎందుకట్ల? నలుగురిలో ఒళ్ళు కనబడకుండా తొందరగా వేసుకోవచ్చు, విప్పొచ్చు. కడుపుతో ఉంటే నెల నెలకూ వదులు చేసుకోవచ్చు. నెలలు నిండేదాకా మునిగినవాళ్ళు ఉన్నారు కాబట్టి ఆ కుట్టు అట్ల పుట్టింది. ఏ ఇంజనీరూ గీసియ్యలేదు, వేసుకునేవాళ్ళే కుట్టుకున్నరు.

జుట్టు కొప్పు వేసి పైన గుడ్డ కట్టేవాళ్ళు. నీళ్ళల్లో జుట్టు ముఖం మీదికొస్తే దారి కనబడదు, రాళ్ళకో తాళ్ళకో చిక్కితే ప్రాణం మీదికొస్తది. ఈ రోజు సిలిండర్ కట్టుకొని దిగే ఆడవాళ్ళకూ ఇదే బాధ. మాస్క్ రబ్బరు కింద నాలుగు వెంట్రుకలు ఇరుక్కుంటే చాలు, నీళ్ళు లోపలికొస్తయి. మా అమ్మ నాట్లకు పోయేముందు కొప్పు గట్టిగ బిగించి, చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకునేది. అదీ ఇసొంటి లెక్కనే.

కళ్ళద్దాలు వచ్చినంక మసకబారకుండా ఒక ఆకు నలిపి రుద్దేవాళ్ళు. ఆ ఆకు ఏందో తెలిస్తే నవ్వొచ్చింది. వినాయక చవితి పత్రిలో మనం పెట్టే మాచిపత్రి జాతిదే.

ఇక అసలు సంగతి చలి. శీతాకాలంలో ఆ నీళ్ళు బాగా చల్లబడతయి. పలుచటి నూలు బట్టతో ఎంతసేపు ఉంటరు? అరగంట, కొంచెం అటూ ఇటూ. తర్వాత ఒడ్డుకొచ్చి కాచుకోవాల్సిందే. దానికోసం ఒడ్డున నల్లరాళ్ళతో గుండ్రంగా గోడ పేర్చుకున్నరు. దాని పేరు బుల్‌తొక్. బుల్ అంటే నిప్పు. నడుమ మంట, చుట్టూ ఆడవాళ్ళు. బట్టలు మార్చుకునేది అక్కడ, ఒళ్ళు ఆరబెట్టుకునేది అక్కడ, ఇంటి నుంచి తెచ్చిన పసిపిల్లకు పాలిచ్చేది అక్కడ. కొత్తపిల్లలకు పని చెప్పేది, రేపు దిగాలా వద్దా తేల్చేది కూడా అక్కడే. పనిలో పెద్దవాళ్ళకు పొగ తగలని మంచి జాగ. 1932లో కొనుగోలు మోసాల మీద, జపాన్ పాలన మీద వేల మంది హేన్యోలు కదిలారంటే నాకు ఆశ్చర్యం అనిపించలేదు. రోజూ ఒక మంట చుట్టూ కూచునేవాళ్ళకు మాట కలుస్తది.

1960లలో హాంగ్ అనే కొరియా శాస్త్రవేత్త, రాన్ అనే అమెరికా శాస్త్రవేత్త వీళ్ళ మీద పరిశోధన చేసి 1967లో సైంటిఫిక్ అమెరికన్‌లో రాసిండ్రు. చలికాలంలో వీళ్ళ ఒంట్లో వేడి పుట్టే వేగం 30 శాతం దాకా పెరిగేదట. అంటే కూలి కోసం ఒళ్ళే మారిపోయింది. 1970లలో రబ్బరు సూట్లు వచ్చినయి. తర్వాత మళ్ళీ చూస్తే ఆ గుణం పోయింది, ఒళ్ళు మామూలైంది.

మంచిదే కదా? సగం మంచిది. చలి తగ్గింది, పని గంటలు పెరిగినయి. అరగంటకు ఒడ్డుకొచ్చే మనిషి మూడు, నాలుగు, ఐదు గంటలు నీళ్ళల్లోనే. తలనొప్పి, చెవి పోటు ఎక్కువై, మందు వేసుకొని దిగేవాళ్ళు చాలామంది. బిగుతు సూటు వేసుకున్నంక ఒంటికి రెంటికి ఎట్ల? దిగేముందు గుక్కెడు నీళ్ళు తాగాలన్నా ఆలోచించాలె. బుల్‌తొక్‌లు ఖాళీ అయి, వేడినీళ్ళ గదులు వచ్చినయి. 1965 ప్రాంతంలో 23,000 దాకా ఉన్న హేన్యోలు ఇప్పుడు 3,000 కూడా లేరు, ఎక్కువమంది ముసలమ్మలే. 2016లో యునెస్కో వాళ్ళ సంస్కృతిని గుర్తించింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నంటే, నా తప్పు ఒకటి ఉంది.

ఇక్కడికి రాకముందు హైదరాబాద్‌లో ఒక సైటు చూసుకునేటోణ్ణి. ఐటీఐ అయిపోయి కొత్తగా సూపర్‌వైజర్ అయిన. పాలమూరు నుంచి వచ్చిన లేబర్‌లో ఒక పెద్దామె వచ్చి అడిగింది: "సారూ, రెండు రేకులు అడ్డం పెట్టియ్యు. బట్టలు మార్చుకుంటం." స్టోర్‌లో రేకులు ఉన్నయి. "లేవమ్మా, పనికాడ సోకులేంది?" అన్న. ఆమె మళ్ళీ అడగలే. ఆ ఆడవాళ్ళు తెల్లారకముందే బయటికి పోయి వచ్చి, పొద్దంతా నీళ్ళు తాగకుండా సిమెంటు మోసిండ్రని తర్వాత తెలిసింది. ఎండాకాలం. ఒకామె మూత్రంలో మంటతో జ్వరం పట్టి ఊరికి పోయింది. నేను హాజరు పుస్తకంలో పేరు కొట్టేసిన, అంతే.

జేజు ఆడవాళ్ళు ఎవరినీ అడగలేదు, రాళ్ళు పేర్చుకున్నరు. సముద్రపు ఒడ్డు వాళ్ళ ఊరిది కాబట్టి కుదిరింది. మన సైట్లో ఒక్క రాయి కదిలించాలన్నా సూపర్‌వైజర్ సంతకం కావాలె. అంటే గోడ కట్టే బాధ్యత అడిగేవాళ్ళది కాదు, సంతకం పెట్టేవాళ్ళది.

మనలో చానామంది ఇక్కణ్ణుంచి పోయినంక ఊళ్ళో మేస్త్రీలు, చిన్న కాంట్రాక్టర్లు అయితరు. మొదటి రోజు సామాను లిస్టులో సిమెంటు, సలాకలతో పాటు రెండు రేకులు, ఒక బకెట్, ఒక తలుపు గొళ్ళెం రాయండి. ఎవరూ వచ్చి అడగకముందే.

ఇక్కడ ఇండ్లల్లో, క్లీనింగ్‌లో పనిచేసే అక్కలు, చెల్లెండ్లు మీ పనికాడ ఎట్లుందో వాయిస్ పంపండి. పేరు చెప్పకున్నా సరే, వింటం.