ఒప్పుకున్న పని, ఒప్పుకోని పని

మనుషుల్ని చంద్రుడి మీదికి తీసుకెళ్లే అపోలో నౌకలో ఏ మార్పు చెయ్యాలన్నా ఒక బోర్డు ఒప్పుకోవాల్సి వచ్చేది. హ్యూస్టన్‌లో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆ బోర్డు కూర్చునేది. దాని ముందుకొచ్చిన వాటిలో నౌక తలుపునే మార్చెయ్యడం లాంటి పెద్ద మార్పులూ ఉన్నాయి, వ్యోమగాములు రాసుకునే పెన్ను మార్చడం లాంటి చిన్నవీ ఉన్నాయి. బోర్డు అధ్యక్షుడు జార్జ్ లో అనే ఇంజనీరు తానే ఈ సంగతి రాశాడు.

పెన్ను దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రాకెట్లు, ఇంజన్లు, కంప్యూటర్ల మధ్య పెన్నుకీ ఒక వాయిదా, ఒక వాదన, ఒక తీర్పు. అది మామూలు వస్తువేం కాదు. 1965లో, అపోలోకి ముందు జరిగిన జెమిని యాత్రల కోసం నాసా 34 మెకానికల్ పెన్సిళ్లు కొంటే ఒక్కొక్కటి 128 డాలర్లు దాటింది, దాని మీద పెద్ద దుమారమే రేగింది. బరువు లేని చోట పెన్సిల్ ముక్కు విరిగితే ఆ ముక్క గాల్లో తేలుతూ ఏ తీగల మధ్యకైనా వెళ్లొచ్చు. స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో కర్ర ఇట్టే మండుతుంది. ఇంత ఉంది పెన్ను వెనక. ఒక పనికి ఇలా గీత గీసి, ఇది లోపల, ఇది బయట అని కాపలా కాయడం మనుషులు ఎప్పుడు నేర్చుకున్నారా అని వెతుకుతూ పోతే చాలా దూరం పోయాను.

క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్, తన పదో పుస్తకం ముందుమాటలో గ్రీకు నగరం ఎఫెసస్‌లోని ఒక చట్టం గురించి చెప్పాడు. ఆయన నాటికే అది పాత చట్టం. ప్రజల సొమ్ముతో కట్టే కట్టడాన్ని ఎవరైనా ఒప్పుకుంటే, ఎంతవుతుందో ముందే చెప్పాలి. చెప్పగానే అతని ఆస్తి అధికారుల దగ్గర తాకట్టులోకి పోతుంది, పని పూర్తయ్యేదాకా విడిపించరు. ఖర్చు చెప్పినంతలోనే తేలితే నగరం తీర్మానం చేసి సత్కరిస్తుంది. నాలుగో వంతు దాకా ఎక్కువైతే ఖజానా భరిస్తుంది, శిల్పికి ఏ శిక్షా ఉండదు. నాలుగో వంతు కూడా దాటితే మిగతాది అతని ఆస్తి లోంచే రాబడతారు. రోములో కూడా ఇలాంటి చట్టం ఉంటే బాగుండునని విట్రూవియస్ కోరుకున్నాడు.

తాకట్టు సంగతి ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు. నాకు ముచ్చటేసింది మాత్రం మిగతా రెండూ. కట్టే పనిలో కొంత తేడా వస్తుందని ఒప్పుకుని నాలుగో వంతు దాకా మన్నించడం ఒకటి, చెప్పిన మాట మీద నిలబడ్డవాడికి నగరమంతా కలిసి గౌరవం చెయ్యడం రెండోది. ఈరోజు ఒక కాలవో, వంతెనో, ఆస్పత్రో అనుకున్న ఖర్చులో అనుకున్న గడువుకి పూర్తిచేసిన ఇంజనీరు పేరు మనలో ఎందరికి తెలుసు? శంకుస్థాపన ఫలకం మీద ఆయన పేరు ఉండదు. ఎఫెసస్ వాళ్లు అలాంటివాణ్ణి నలుగురిలో నిలబెట్టారు. మనం ఆ అలవాటుని పూర్తిగా పోగొట్టుకున్నాం.

మన దగ్గర కౌటిల్యుడి అర్థశాస్త్రం చేతిపనివాళ్ల విషయంలో ఇంకా కరుకుగా ఉంటుంది. నాలుగో అధికరణం మొదట్లోనే ఆ నియమాలు కనిపిస్తాయి. పని ఎక్కడ, ఎప్పటికి, ఏమిటి అన్న మూడూ ముందే నిర్ణయించుకుని చెయ్యాలి. గడువు దాటితే కూలిలో నాలుగో వంతు కోత, దానికి రెట్టింపు జరిమానా. చెప్పింది ఒకటైతే చేసింది ఇంకొకటైతే కూలి మొత్తం పోతుంది, ఆపైన రెట్టింపు జరిమానా. చూసి రమ్మంటే కాల్చి వచ్చినవాణ్ణి మెచ్చుకునే అలవాటు మనది, కౌటిల్యుడు మాత్రం మెచ్చుకోడు. ఇచ్చిన నూలుకి గంజి పెడితే బరువెంత పెరుగుతుందో కూడా ఆయన లెక్కకట్టాడు: పది పలాల నూలు తీసుకున్న సాలె పదకొండు పలాల బట్ట ఇవ్వాలి.

ఆ తరవాత ఎన్నో శతాబ్దాలు ఒక్క గంతులో దాటేస్తాను. గుళ్లూ కోటలూ చెరువులూ కట్టించినవాళ్ల పేర్లు శాసనాల నిండా ఉంటాయి. మొదట ఎంతనుకున్నారు, మధ్యలో ఏం మార్చారు అన్నది సాధారణంగా రాతికెక్కే సంగతి కాదు.

1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్‌లో జరిగింది మాత్రం రికార్డుకెక్కింది. స్వీడన్ రాజు గుస్తావస్ అడాల్ఫస్ కట్టించిన వాసా అనే యుద్ధనౌక మొదటి ప్రయాణంలో మైలు దూరమైనా పోకుండా పక్కకి ఒరిగి మునిగిపోయింది. కట్టేటప్పుడు దాని ఫిరంగుల ప్రణాళిక ఒకటికి నాలుగు సార్లు మారింది, పని నడిపిన మేస్త్రి హెన్రిక్ హైబర్ట్‌సన్ 1627లోనే చనిపోయాడు. నీళ్లలోకి దింపాక నిలకడ పరీక్షించడానికి 30 మందిని డెక్కు మీద ఇటూ అటూ పరిగెత్తించారు. ఓడ ఎంతగా ఊగిందంటే భయపడి పరీక్షనే ఆపేశారు. ఆపింది పరీక్షని, ప్రయాణాన్ని కాదు. విచారణలో ఎవరి తప్పూ తేలలేదు.

మూడు వందల ముప్ఫై ఏళ్లకి పైగా బురదలో ఉన్న ఆ ఓడని 1961 ఏప్రిల్ 24న పైకి తీశారు. నెలా ఒక రోజు తరవాత, మే 25న, అమెరికా కాంగ్రెస్ ముందు అధ్యక్షుడు కెన్నెడీ నిలబడి ఈ దశాబ్దం ముగిసేలోగా ఒక మనిషిని చంద్రుడి మీద దించి క్షేమంగా భూమికి తీసుకొస్తామన్నాడు. ఇంత పెద్ద పనికి ఇంత చిన్న, ఇంత తేటైన హద్దు ఇంకెవరూ గీసినట్టు నాకు కనపడలేదు. ఎవరు, ఎక్కడికి, ఎప్పటిలోగా. అన్నిటికన్నా ముఖ్యం, క్షేమంగా తిరిగి రావడం.

హద్దు ఉంది గానీ కాపలాయే మొదట్లో సరిగ్గా లేదు. అమెరికా వైమానిక దళం క్షిపణుల కార్యక్రమాల్లో ఒక పాఠం నేర్చుకుంది: ఎవరికి తోచిన మార్పు వాళ్లు చేసుకుంటూ పోతే, పేలిపోయిన క్షిపణిలో అసలేముందో చెప్పగలిగేవాడు ఉండడు. మినిట్‌మన్ క్షిపణి పనిని నడిపిన జనరల్ శామ్యూల్ ఫిలిప్స్ 1964లో నాసాకి వచ్చి, ప్రతి మార్పునీ రాసి, తూచి, ఒప్పుకోవాలనే పద్ధతిని తనతో తెచ్చాడు. అది ఇంజనీర్ల ఒంటికి పట్టడానికి టైం పట్టింది. అపోలో మొదటి యాత్రకి సిద్ధమవుతున్న గస్ గ్రిసమ్, నౌకలో రోజుకో మార్పు జరుగుతుంటే తాము శిక్షణ తీసుకునే సిమ్యులేటర్ వెనకబడిపోయిందని విసిగిపోయాడు. తన పెరట్లోని చెట్టు నుంచి ఒక నిమ్మకాయ కోసుకెళ్లి ఆ సిమ్యులేటర్‌కి వేలాడదీశాడు. మన లారీకి కట్టే నిమ్మకాయ దిష్టి తీస్తుంది, అమెరికాలో నిమ్మకాయంటే పనికిరాని యంత్రం. కొద్ది రోజులకే, 1967 జనవరి 27న, నేల మీదే జరిగిన పరీక్షలో నౌకలో మంటలు లేచి గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ చనిపోయారు. తలుపు లోపలికి తెరుచుకునేది, అన్నీ సవ్యంగా ఉన్నా కనీసం తొంభై సెకన్లు పట్టేది. వాళ్లకి అంత వ్యవధి లేకపోయింది.

ఆ ఏప్రిల్‌లో నౌక బాధ్యత జార్జ్ చేతికొచ్చింది. జూన్‌లో శుక్రవారం బోర్డు మొదలైంది. డిజైన్ చూసే మాక్స్ ఫాజెట్, యాత్ర నడిపే క్రిస్ క్రాఫ్ట్, వ్యోమగాముల పెద్ద డీక్ స్లేటన్, నౌకలు కట్టే కంపెనీల మేనేజర్లు, అందరూ ఆ ఒక్క గదిలోనే. ఈ మార్పు నిజంగా అవసరమా? బరువెంత పెరుగుతుంది? ఖర్చెంత, ఎన్నాళ్లు ఆలస్యం? వాదనలు వేడెక్కేవి, ఒక్కోసారి రాత్రి పొద్దుపోయేదాకా సాగేవి. చివరి మాట మాత్రం జార్జ్‌దే. అక్కడికక్కడే తేల్చేవాడు, ఎందుకో అందరి ముందూ చెప్పేవాడు. 1969 జులై దాకా ఆ బోర్డు 90 సార్లు కూర్చుంది. 1,697 మార్పులు విచారించి 1,341 ఒప్పుకుంది. కాదన్నవి 356.

ఒక్క తలుపు మారిస్తే ఏమవుతుందో చూడండి. కొత్తది బయటికి తెరుచుకుంటుంది, కొన్ని సెకన్లు చాలు, కాకపోతే పాతదానికన్నా బరువు. నౌక బరువెక్కితే సముద్రంలోకి దిగేటప్పుడు పారాచూట్ల మీద భారం పెరుగుతుంది, వాటినీ మార్చాలి. అలా ఒక తీగ లాగితే డొంకంతా కదిలేది. అందుకే అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు.

హద్దు కాయడమంటే ఎప్పుడూ కాదనడమే అనుకోనక్కర్లేదు. చంద్రుడి మీదికి దిగే వాహనంలో మొదట కుర్చీలుండేవి. గ్రమ్మన్ కంపెనీ ఇంజనీర్లు బరువు తగ్గించలేక తలలు పట్టుకున్నప్పుడు, అక్కడ ఆకర్షణ భూమి మీద ఉన్నదాంట్లో ఆరో వంతే కదా, నిలబడి నడపకూడదా అన్న ఆలోచన వచ్చింది. కుర్చీలు తీసేశారు. నిలబడ్డ మనిషి కిటికీకి దగ్గరవుతాడు కాబట్టి పెద్ద కిటికీలు చిన్నవయ్యాయి, ఇంకొంత బరువు తగ్గింది. ఆ వాహనం చేయాల్సిన పని మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

1969లోనే, అపోలో 11 దిగిన ఏడాదే, అమెరికాలో ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. పని హద్దుల లెక్క అక్కడ పుస్తకాల్లోకెక్కింది, పరీక్షల్లోకి వచ్చింది, హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఆఫీసుల దాకా చేరింది. చేంజ్ రిక్వెస్టు అనే ఫారం నింపని తెలుగు ఇంజనీరు ఇప్పుడు అరుదు. ఫారం మిగిలింది, గది పోయింది. ఎవరో నింపుతారు, ఎవరో ఆమోదిస్తారు, లేదా తిప్పి పంపిస్తారు. ఎందుకు కాదన్నారో ఎదురుగా కూర్చుని చెప్పే మనిషి లేడు. అదే నా బాధ.

కాగితం మీద హద్దు సరిగ్గా పడకపోతే ఏమవుతుందో మనకి పోలవరం ఆనకట్ట ప్రాజెక్టు చూపించింది. అంచనా 2005–06 ధరల్లో 10,151 కోట్లు, 2010–11 ధరల్లో 16,010 కోట్లు, 2017–18 ధరల్లో 55,548 కోట్లు. చివరి లెక్కలో పెద్ద భాగం కాంక్రీటుది కాదు, భూసేకరణది, పునరావాసానిది. మునిగే ఊళ్లు మొదటి రోజు నుంచీ ఆ ప్రాజెక్టులోనే ఉన్నాయి. వాటికి న్యాయంగా ఎంత ఇవ్వాలన్నది అంచనాలోకి రావడానికి 2013 భూసేకరణ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన ఘట్టం 1968 ఆగస్టుది. చంద్రుడి మీదికి దిగే వాహనం తయారు కాలేదు, ఏడాది చివరిలోగా దాన్ని భూమి చుట్టూ తిప్పి చూడాలన్న పథకం చెడిపోయేలా ఉంది. పెన్ను మార్పుని కూడా తూచిన జార్జ్, ఆగస్టు 9 పొద్దున తన పైవాళ్ల దగ్గరికెళ్లి, ఆ వాహనం లేకుండానే అపోలో 8ని ఏకంగా చంద్రుడి చుట్టూ పంపుదామన్నాడు. ఆ మధ్యాహ్నమే విమానమెక్కి హంట్స్‌విల్‌లో రాకెట్ పని చూసే ఫాన్ బ్రాన్‌తో మాట్లాడారు. కెన్నెడీ గీసిన గీత దాటలేదు, దాని లోపల పనుల వరస మార్చారు, అంతే. ఆ వాహనంతో ఎంతోకాలంగా సాధన చేస్తున్న జిమ్ మెక్‌డివిట్ బృందాన్ని దానితోనే ఉంచి, ఫ్రాంక్ బోర్మన్ బృందాన్ని ముందుకి జరిపారు. డిసెంబరులో బోర్మన్ వాళ్లు చంద్రుణ్ణి పది సార్లు చుట్టి వచ్చారు. మెక్‌డివిట్ బృందం 1969 మార్చి 3న అపోలో 9లో బయల్దేరి, ఆగిపోయిన ఆ పరీక్షని భూమి చుట్టూ తిరుగుతూ పూర్తిచేసింది.