గ్రుడ్డును దాని ప్రతినిధులును



నేను గ్రుడ్డు తినువాడను కాను. మా యింట నా తరమువరకు ఆ వాడుక లేదు. ఐనను నేటి ప్రసంగమునకు గ్రుడ్డునే విషయముగా గ్రహించితిని. దీనికి కారణములు రెండు. మొదటిది మా మనుమడు. రెండవది, పల్లెటూరి బడిలో ఉపాధ్యాయుడనుగా నున్న కాలమున ఒక తల్లికి నేను చెప్పిన మాట. ఆ మాట సంగతి పిమ్మట మనవి చేసెదను.

కొలదికాలము క్రిందట నేను అమెరికా దేశమున డాలస్ నగరములోని మా కుమారుని యింట కొన్ని నెలలుంటిని. అచ్చట ఉదయమున అందరును పరుగుమీద నుందురు. మా మనుమడు బడిబస్సు వచ్చుటకు ఐదు నిమిషములు ముందుగా ఒక పింగాణి కప్పులో గ్రుడ్డు పగులగొట్టి, చెంచాడు పాలును చిటికెడు ఉప్పును వేసి, బాగుగా గిలకొట్టి మైక్రోవేవ్ పొయ్యిలో నుంచును. అర నిమిషమునకు తీసి కలిపి మరల నుంచును. ఇంకొక అర నిమిషమునకు అది పొంగి మెత్తని అట్టువలె నగును. నిప్పు లేదు, పొగ లేదు, పెనము లేదు. అదే యింట శీతలపేటికలో ఒక అట్టపెట్టె యుండెను. అందలి పసుపుపచ్చని ద్రవము చూచుటకు గిలకొట్టిన గ్రుడ్డే. కాని పచ్చసొన మాత్రము అందు లేదట. మా కుమారునికి కొలెస్టరాల్ హెచ్చుగా నున్నదని వైద్యుడు చెప్పగా, కోడలు అతనికి దానిని వండుచుండెను. ఒకే వంటింట కొడుకునకు గ్రుడ్డు, తండ్రికి గ్రుడ్డునకు ప్రతినిధి! ఇది యెట్లు వచ్చినదో తెలిసికొనవలెనని నాకు బుద్ధి పుట్టినది.

ప్రతినిధి యను మాటను నేను ఊరక వాడలేదు. మీమాంసాశాస్త్రమున నిది పారిభాషిక పదము. యాగమునకు వ్రీహులు విధింపబడి, అవి దొరకనిచో నీవారధాన్యమును గ్రహింపవచ్చును. సోమలత దొరకనిచో పూతీకమును గ్రహింపవచ్చును. ముఖ్యద్రవ్యము చేతిలో నుండగా ప్రతినిధిని గ్రహించుట మాత్రము కూడదు. గ్రుడ్డునకు ఏర్పడిన ప్రతినిధులలో మొదటిది ఈ నియమమునకు లోబడి వచ్చినది. రెండవది గ్రుడ్లు గంపలకొలది దొరకుచుండగా వచ్చినది. ఈ భేదమే నాకు విచారింపదగినదిగా తోచినది.

మొదటిది గ్రుడ్డుపొడి. పెంకు తీసివేసిన గ్రుడ్డులో నాలుగింట మూడు పాళ్లు నీరే. ఆ నీటిని పోగొట్టినచో బరువు తగ్గును, నిలువ పెరుగును. 20వ శతాబ్ది ఆరంభమున చైనా దేశము ఎండబెట్టిన గ్రుడ్లను పాశ్చాత్యదేశములకు విరివిగా ఎగుమతి చేయుచుండెను. చైనావారు తెల్లసొనను ఎండబెట్టుటకు ముందు పులియనిచ్చెడివారు. తెల్లసొనలో కొంచెము చక్కెర కలదు. అది మిగిలియున్నచో మాంసకృత్తులతో కలిసి, నిలువయందు పొడి రంగు మారి చెడువాసన పట్టును. పులియునపుడు సూక్ష్మజీవులు ఆ చక్కెరను తినివేయును. శాస్త్రజ్ఞులు దీనికి కారణము విడమరచి చెప్పుటకు ముందే పనివారు ఉపాయము నెరిగియుండిరి.

ఈ పొడికి గౌరవము తెచ్చినది రెండవ ప్రపంచయుద్ధము. ఇంగ్లండు దేశము తన ఆహారములో చాల భాగమునకు ఓడలమీద ఆధారపడియుండెను. జర్మనుల జలాంతర్గాములు ఆ ఓడలను ముంచుచుండెను. కోళ్లకు వేయు ధాన్యము తగ్గెను. దానితో కోళ్లును తగ్గెను. 1941 జూన్ నెలలో గ్రుడ్లకు రేషను వచ్చెను. మనిషికి వారమునకు ఒక్క గ్రుడ్డు, అదియు దొరకినప్పుడే. 1942లో అమెరికానుండి గ్రుడ్డుపొడి దిగెను. గిలకొట్టిన గ్రుడ్లను సన్నని తుంపరగా వేడిగాలిలోనికి చిమ్మినచో, నీరు ఆవిరియై పొడి క్రిందికి రాలును. ఒక పొట్లము పండ్రెండు గ్రుడ్లకు సమానము. ఒక చెంచా పొడికి రెండు చెంచాల నీరు కలిపినచో ఒక గ్రుడ్డు పనికి వచ్చును. రుచి బాగులేదని ఆ దేశపు గృహిణులు విసుగుకొనిరి. ఐనను 1946 ఫిబ్రవరిలో ప్రభుత్వము డాలర్ల కొఱతచే ఆ పొడిని ఆపినప్పుడు గగ్గోలు పెట్టినదియు ఆ గృహిణులే. ప్రభుత్వము తలయొగ్గి మరల ఇచ్చెను. 1953లో గ్రుడ్ల రేషను తొలగెను. ఆ పొట్లమును ఇంటింటనుండి తొలగెను. రొట్టెలు చేయువారి కార్ఖానాలలో మాత్రము పొడి నిలిచినది. వ్రీహులు వచ్చిన పిమ్మట నీవారములతో పనియేమి?

మనుమని మైక్రోవేవ్ పొయ్యియు ఆ యుద్ధపు సంతానమే. శత్రువిమానములను చీకటిలో కనిపెట్టు రాడార్ యంత్రమునకు బలమైన సూక్ష్మతరంగములు కావలసివచ్చెను. 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున రాండల్, బూట్ అను ఇద్దరు అట్టి తరంగములను పుట్టించు మాగ్నెట్రాన్ అను గొట్టమును నిర్మించిరి. ఆ యేడే అది అమెరికాకు చేరెను. అచ్చట రేథియాన్ సంస్థలో పెర్సీ స్పెన్సర్ అను పనివాడు 1945లో, ఆ గొట్టము ప్రక్క నిలిచియుండగా జేబులోని తీపిబిళ్ల కరగుట గమనించెనని చెప్పుదురు. పిమ్మట అతడు మొక్కజొన్న గింజలు పెట్టగా అవి పేలినవట. తరువాత పెంకుతో గ్రుడ్డు పెట్టగా, అది వంగి చూచుచున్న సహోద్యోగి ముఖముమీద పేలినదట. కథలో కొంత పెంపు ఉండిన ఉండవచ్చును. కాని గ్రుడ్డు పేలుట మాత్రము నిజము. ఆ తరంగములు ఆహారములోని నీటి కణములను కదలించి, లోపలనే వేడి పుట్టించును. పెంకును, పచ్చసొన చుట్టునున్న సన్నని పొరయు ఆవిరిని వెలికి పోనీయవు. కావున పెంకుతో ఎన్నడును పెట్టరాదు. గిలకొట్టనిచో పచ్చసొనను సూదితో పొడువవలెను. ఉడికిన గ్రుడ్డును మరల వేడిచేయుటయు ప్రమాదమే, అది నోటిలో పేలినను పేలును. మా మనుమడు గిలకొట్టుటలోని తెలివి యిదియే.

1947లో అమ్మకమునకు వచ్చిన మొదటి పొయ్యి మనిషి నిలువంత యెత్తు, 300 కిలోగ్రాములకు పైగా బరువు. దానిని చల్లార్చుటకు నీటిగొట్టములు కావలసియుండెను. ఇండ్లలో బల్లమీద పట్టునది 1967లో వచ్చెను. పొయ్యి యింటికి చేరిన ఆ కాలముననే అమెరికాలో గ్రుడ్డుపైన అభియోగము నడచుచుండెను. ఇక నా రెండవ ప్రతినిధి కథ ఇచ్చట మొదలగును.

1913లో రష్యా దేశమున సెయింట్ పీటర్స్‌బర్గు నగరములో అనిచ్‌కోవ్ అను వైద్యుడు కుందేళ్లకు కొలెస్టరాల్‌ను నూనెలో కలిపి పెట్టెను. వాటి రక్తనాళములు కొవ్వు పేరుకొని చెడెను. ప్రయోగము గొప్పది, రక్తములోని కొలెస్టరాల్ హృద్రోగమునకు మూలమను జ్ఞానమునకు అది పునాది. కాని కుందేలు గడ్డిమేయు జంతువు. పుట్టుకతో అది గ్రుడ్డును, మాంసమును ఎరుగదు. ఎలుకలకును కుక్కలకును పెట్టినపుడు అట్టి ఫలము కలుగలేదు. ఐనను పచ్చసొనలో కొలెస్టరాల్ హెచ్చు, రక్తములో కొలెస్టరాల్ చెడ్డది, కావున పచ్చసొన చెడ్డది యను అనుమానవాక్యము ఎల్లర నోటను స్థిరపడినది. తర్కము చదివినవానికి ఇందు హేతువు సిద్ధము కాలేదని తోచకపోదు. తిన్న కొలెస్టరాల్ అంతయు రక్తమున కొలెస్టరాల్ అగునా? ఆ వ్యాప్తి నిరూపింపబడవలదా? ఐనను 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, దినమునకు 300 మిల్లీగ్రాముల కొలెస్టరాల్‌కు, వారమునకు మూడు పచ్చసొనలకు మించరాదని కట్టడి చేసెను.

ఆ భయమునుండి పుట్టినది 1972లో వచ్చిన ఎగ్ బీటర్స్. తెల్లసొనలో మొక్కజొన్న నూనె, వెన్న తీసిన పాలపొడి, విటమినులు కలిపి చేసిన ద్రవమది. నాకు నవ్వు వచ్చినది ఇచ్చటనే. గ్రుడ్డునకు ప్రతినిధి యనబడు వస్తువు చాలవరకు గ్రుడ్డే! లోని బంగారమును తీసివేసి, దాని రంగును మాత్రము మరల పూసిరి.

దానికి ప్రతిసాక్షియు త్వరలోనే వచ్చెను. 1974లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున నావిదీ, కుమ్మెరో అను వారు కొన్ని ఎలుకపిల్లలకు గ్రుడ్డును, కొన్నిటికి ఈ ద్రవమును మాత్రమే ఆహారముగా పెట్టిరి. గ్రుడ్డు తిన్నవి బలిసెను. ద్రవము త్రాగినవి బొచ్చు రాలి, కృశించి, పాలు మాన్పించిన మూడు నాలుగు వారములలో చచ్చెను. గ్రుడ్డును మెచ్చువారు దీనిని చాటిరి. నేను దీనిని చాటను. ఏ మనిషియు ఆ ద్రవమునే మూడు పూటలు త్రాగి బ్రతుకడు. కుందేలి సాక్ష్యము గ్రుడ్డునకు అన్యాయము చేసినచో, ఎలుక సాక్ష్యము ప్రతినిధికి అన్యాయము చేయదా? ఐనను ఒక సంగతి మిగిలినది. పచ్చసొన వట్టి కొవ్వు ముద్ద కాదు. గ్రుడ్డులోని ఆరు గ్రాముల మాంసకృత్తులలో సగమునకు కొంచెము తక్కువ, ఏ, డీ విటమినులు, కోలీన్ అను ముఖ్యపదార్థము పచ్చసొనలోనే కలవు. తెల్లసొనలో పదింట తొమ్మిది పాళ్లు నీరు.

వివాదమును చక్కబరచిన పనిలో పెద్దభాగము మా కుమారుడున్న డాలస్ నగరముననే జరిగినది. అచ్చటి బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అను వైద్యులు కాలేయము మొదలగు అవయవములు కొలెస్టరాల్‌ను రక్తమునుండి గ్రహించు విధానమును కనుగొని 1985లో నోబెల్ బహుమతి పొందిరి. శరీరము తనకు కావలసిన కొలెస్టరాల్‌లో చాల భాగము తానే చేసికొనును. తిండిద్వారా హెచ్చు వచ్చినచో చాలమందిలో అది తన ఉత్పత్తిని తగ్గించుకొనును. కొందరికి వంశముచే ఆ గ్రహణశక్తియే లోపించును. వారి సంగతి వేరు. 1999లో హార్వర్డువారు సుమారు 1,18,000 మంది స్త్రీపురుషులను పరిశీలించి, ఆరోగ్యవంతులు దినమున కొక గ్రుడ్డు తిన్నచో హృద్రోగము హెచ్చిన జాడ లేదని ప్రకటించిరి. మధుమేహము కలవారిలో మాత్రము హెచ్చు కనబడెను. 2015 సంవత్సరపు అమెరికా ప్రభుత్వ ఆహారసూచనలలో ఆ 300 మిల్లీగ్రాముల హద్దు కానరాదు. కావున ఇది అధికారిభేదమును బట్టి నిర్ణయింపవలసిన విషయము. మా కుమారుడు తన వైద్యుని మాట వినుటయే మేలు. మా మనుమని కప్పులోని పచ్చసొనను తీయ బనిలేదు.

ఇటీవల మూడవ ప్రతినిధియు వచ్చినది. 2018 ప్రాంతమున అమెరికాలో జస్ట్ ఎగ్ అను పేర పెసలనుండి తీసిన మాంసకృత్తులతో గిలకొట్టిన గ్రుడ్డువంటి ద్రవమును అమ్మసాగిరి. కోడలు చూపినపుడు నేను, అమ్మాయీ, మన యింట పెసలు నానబెట్టి రుబ్బి పెనముమీద పోయుట లేదా, దానికి పెసరట్టని పేరు పెట్టితిమి గాని గ్రుడ్డని పెట్టలేదే యంటిని. గ్రుడ్డు తినని నావంటివానికి అది ప్రతినిధి కాదు, ముఖ్యద్రవ్యమే.

ఇక నా తప్పు. 1989 ప్రాంతమున, ఆ అమెరికా భయము పత్రికలద్వారా మనవరకు వచ్చిన రోజులలో, ఆరోగ్యపాఠము చెప్పుచు నేను పచ్చసొన గుండెకు చెఱుపని పిల్లలకు బోధించితిని. ఒక కూలి తల్లి బడికి వచ్చెను. ఆమెకు మూడు కోళ్లు కలవు. కొడుకు బక్కపలుచని వాడు. పచ్చసొన వానికి పెట్టవచ్చునా, పారవేయవలెనా యని అడిగెను. నేను ఏ విచారణయు లేక, పారవేయుమమ్మా యంటిని. గ్రుడ్డు రుచియెరుగని నేను, బడిపిల్లవాని నోటినుండి దానిలోని సారమును తీయుమంటిని. ఆ బిడ్డకు హృద్రోగము కాదు భయము. తిండి చాలకుండుట భయము. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల బడులలో మధ్యాహ్నభోజనమున గ్రుడ్డు పెట్టుచున్నారు. 2023-24 లెక్కలలో దేశమున గ్రుడ్ల ఉత్పత్తికి ఆంధ్రప్రదేశ్ మొదటిది, తెలంగాణము మూడవది. ఈ వార్తలు చదివినప్పుడెల్ల నాకు ఆ తల్లి జ్ఞాపకము వచ్చుచుండెడిది.

డాలస్‌నుండి తిరిగివచ్చిన పిమ్మట ఆ శిష్యుని వెదకి టెలిఫోనులో మాటాడితిని. తల్లి గతించినదట. నేను ఆనాటి మాటను ఎత్తి, తప్పు చెప్పితిని నాయనా యంటిని. అతడు నవ్వెను. "మా అమ్మ పారేయలేదండి మాస్టారూ. మీకు తెలిస్తే కోప్పడతారని, పచ్చసొన పులుసులో చిదిపి నాకు అన్నంలో కలిపి పెట్టేదండి" అనెను.